మూడు వందల నాలుగులోకి వచ్చేవారికి

తలుపుని కాస్త పైకెత్తి తాళం తిప్పండి,
లేకపోతే తిరగదు.
సముద్రం ఇక్కడికి కిలోమీటరు పైనే,
అయినా కాపురం మన తాళాల్లోనే.

ఇనప మేకులు మాత్రం కొనకండి.
పూర్ణా మార్కెట్లో చవగ్గా తూచి ఇస్తారు.
కార్తీకంలో కొడితే మాఘానికల్లా
మేకు కింద ఎవరో కిళ్ళీ ఉమ్మినట్టు
ఎర్రటి చార.
స్టీలు స్క్రూలడగండి, మూడు వందల నాలుగు రకం అనాలి.
మన ఫ్లాటు నంబరే, మర్చిపోరు.

కొట్టే ముందు వేలి కణుపుతో గోడని తట్టి వినండి.
బొయ్‌మంటే ఇటుక, దిగుతుంది.
ఉలుకూ పలుకూ లేకపోతే కాంక్రీటు,
దానితో పంతం వద్దు.
హాల్లో టీవీ పక్కన అయిదు కన్నాలు నావి.
ఆరోది ఓనరు పేర్రాజు గారిది.
అడ్వాన్సులో కోసింది మాత్రం ఆరింటికీ.

కిటికీ గట్టు మీద నల్లటి పొడి
పోర్టు నుంచి రోజూ వచ్చే చుట్టం.
పొడిగుడ్డ వేస్తే ఇల్లంతా తిరుగుతుంది,
తడిగుడ్డతో ఒకే వైపుకి లాగండి.
తెల్ల కర్టెన్లు కట్టాలనుంటే కట్టండి.
నేనూ కట్టాను:
వారానికి పావురం, నెలకి కాకి.

కిటికీ పట్టాల అడుగున బుల్లి బెజ్జాలుంటాయి,
అక్టోబరు రాకముందే చీపురుపుల్లతో పొడవండి.
తుపాను నీళ్ళకి పోయే దారి లేకపోతే
పరుపు మీదికొస్తాయి.
హుద్‌హుద్ నాడు ఈ కిటికీకి అడ్డంగా
మంచం నిలబెట్టారట అప్పటివాళ్ళు.
కోడు ఒరుసుకున్న గీత గచ్చు మీద ఉంది.
నేను దాన్ని రుద్దలేదు.

పడగ్గది సీలింగు మూల
మీకిప్పుడేం కనబడదు.
నేనొచ్చినప్పుడు అక్కడ చాపంత మచ్చ,
గోధుమరంగు అంచు,
తెల్లవారుజాము నాలుగింటికి టప్... టప్.
పుట్టీ పెట్టమంటే కంచరపాలెం సన్నిబాబు
నిచ్చెన దిగిపోయాడు:
"తడి మీద పుట్టీ ఏటమ్మా,
జొరం మీద పౌడరు రాసినట్టు.
నీరు ఎక్కడ పుట్టిందో ముందు సూడండి."

పుట్టింది నాలుగు వందల నాలుగులో.
రాహేలమ్మ గారు. కేజీహెచ్‌లో ముప్పై ఏళ్ళు నర్సు.
రిటైరైనా ఒళ్ళు మర్చిపోలేదు,
నాలుగింటికే స్నానం.
రెండేళ్ళు పోట్లాడుకున్నాం
మెట్ల మీద, మీటింగుల్లో,
మాటల్లేనప్పుడు లిఫ్టు అద్దంలో.
"నా టైల్సు నిక్షేపంలా ఉన్నాయి" అనేవారు.
నేను బకెట్ జరుపుకునేదాన్ని.

ఒక శ్రావణంలో చుక్క పడ్డం ఆగింది.
మొదటిరోజు హాయిగా నిద్రపోయాను.
రెండోరోజు నాలుగింటికి మెలకువొచ్చి
ఖాళీ బకెట్ వంక చూస్తూ కూర్చున్నాను.
తెల్లారకుండానే పైకెళ్ళి తలుపు బాదాను.
చాలాసేపటికి తీశారు, దుప్పటి కప్పుకుని,
నూట మూడు జ్వరంతో.
"మళ్ళీ కారుతోందా?" అన్నారు.
"కారట్లేదండీ. అందుకే వచ్చాను."

ఒళ్ళు కుదుటపడ్డాక కిందికొచ్చి
నా మంచం మీద వెల్లకిలా పడుకుని
తన నీళ్ళని మొదటిసారి కింద నుంచి చూశారు.
"పాత పుండే" అన్నారు, నర్సు గొంతుతో.
మర్నాడే టైల్సు పీకించారు.
తూము చుట్టూ కొత్త సిమెంటు,
మూడు రోజులు నీళ్ళు నిలగట్టి చూశాం.
సన్నిబాబు నెలంతా ఆగి
సీలింగుకి అరచెయ్యి ఆన్చి, తల ఊపి,
అప్పుడు పెట్టాడు పుట్టీ.

ఇప్పుడంతా పొడిగా ఉంది.
చప్పుడు లేదు.
అదే ఇబ్బంది.

పాలప్యాకెట్టుకి దిగే ముందు
ఒక్క అంతస్తు ఎక్కండి.
వంక దొరక్కపోతే స్టూలు అడగండి, ఆవిడకుంది.
తలుపు గట్టిగా తట్టాలి,
బెల్లు ఉప్పుగాలికి తుప్పుపట్టి పలకదు.
మార్పిద్దామనుకుంటూనే సామాను సర్దేశాను.
రెండు స్క్రూల పని.
వంటింటి సొరుగులో పెట్టాను,
స్టీలువే.